కాగితముపై మూసిన బాట

2018 సెప్టెంబరు 7వ తేదీన తిరువనంతపురమునుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానమొకటి మాల్దీవుల రాజధానియగు మాలే చేరి, తాను దిగవలసిన రన్‌వేను విడిచి, దాని ప్రక్కనే ఇంకను నిర్మాణములోనున్న క్రొత్త రన్‌వేపై దిగెను. అందు 130 మందికి పైగా ప్రయాణికులుండిరి. చక్రములకు గాలి పోయినది. విమానమును లాగుకొని పోవలసివచ్చినది. కాని యెవరికిని ప్రాణాపాయము కలుగలేదు. ఇద్దరు చోదకులను విధులనుండి తప్పించితిమని ప్రకటన వెలువడెను. పత్రికలు ఒక దినము ఆశ్చర్యపడి, రెండవ దినము మరచినవి.

మేము మరచుటకు సిద్ధముగా లేము. చనిపోయినవారు లేరు గనుక ఇది చిన్న సంగతియని తలచువారు, ఆనాడు ఆ క్రొత్త బాటపై లారీయో, యంత్రమో, కూలీల గుంపో ఉండియున్నచో ఏమయ్యెడిదో ఒక్క నిమిషము యోచింతురు గాక. మూసియున్న బాటపైకి విమానము వచ్చుట ఒక్క మాలేలో జరిగిన వింత కాదు. మెక్సికోలో జరిగినది, తైపేలో జరిగినది, శాన్ ఫ్రాన్సిస్కోలో వెండ్రుకవాసిలో తప్పినది. ప్రతిసారియు వినబడిన సమాధాన మొక్కటియే: “మేము నోటీసు ఇచ్చితిమి; చోదకుడు గమనింపలేదు.” ఈ సమాధానమునే మేము నేడు ప్రశ్నించుచున్నాము. నోటీసు ఇచ్చుట వేఱు, చెప్పుట వేఱు. చెప్పినమాట వినువాని మనస్సున నాటినప్పుడే అది చెప్పుట యగును. అంతవఱకు అది చెప్పినవాని రక్షణకై వ్రాసికొన్న కాగితము మాత్రమే.

ఈ కాగితమెట్టిదో పాఠకులు తెలిసికొనవలెను. విమానాశ్రయములో ఒక బాట మూయబడినను, దీపము ఆరినను, ప్రక్కన క్రేను నిలిచినను, ఆ సంగతిని ప్రకటించు పత్రమునకు నోటామ్ అని పేరు. టెలిప్రింటరు తీగలపై ఒక్కొక్క అక్షరమునకు ఖర్చు లెక్కించుకొన్న కాలమున పుట్టిన పొడియక్షరముల భాష దానిది. అచ్చులు ఎగిరిపోయి, హల్లులు మిగిలి, అంకెలతో కలగలిసి, చదువుటకన్న విప్పుటకు తగినట్లుండును. ఒక్క ప్రయాణమునకు ఇట్టివి పదులకొలది పుటలు చోదకుని చేతికి వచ్చును. బాట మూయబడిన సంగతి యొక పంక్తి. ఎక్కడనో గడ్డి కోయుచున్నారన్న సంగతి మఱియొక పంక్తి. రెండింటికిని ఒకే అక్షరములు, ఒకే స్వరము, ఒకే గౌరవము. అగ్నిప్రమాదమును, అంగడి ధరలను ఒకే గొంతుతో చదువువానిని ఊరివారు వెఱ్ఱివాడందురు. ఆకాశయానమున దానినే పద్ధతియనుచున్నారు.

అమెరికావారు 2021లో ఈ పత్రముల పేరులో “ఎయిర్‌మెన్” అను మాటను తీసివైచి “ఎయిర్ మిషన్స్” అను మాట చేర్చిరి. 2025లో మరల పాత పేరే పెట్టిరి. పేరుకొఱకు పడిన శ్రమలో సగము వ్రాతకొఱకు ముందే పడియున్న ఎంత బాగుండెడిది! మనమును నవ్వనక్కఱలేదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టము పోయి, భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1వ తేదీనుండి మన దేశమున అమలులోనికి వచ్చినది. పరప్రభుత్వపు చట్టము పోవుట సంతోషమే. కాని పేరు మారినంతమాత్రమున పరప్రభుత్వపు బుద్ధి పోవునా? ఆంగ్లేయుల కాలమున గెజిటులో అచ్చువేయించి, ప్రజకు తెలిసినట్లే లెక్కవేసి, తెలియదన్న రైతును దండించెడివారు. “ప్రకటించితిమి గనుక నీకు తెలిసియే యుండవలెను” అను ఆ గెజిటు నీతియే నేటి నోటీసులో సజీవముగా నున్నది. దానినే మేము ఎదిరించుచున్నాము.

శాన్ ఫ్రాన్సిస్కో సంగతి వినుడు. 2017 జూలై 7వ తేదీ రాత్రి అర్ధరాత్రికి నాలుగు నిమిషముల ముందు, టొరంటోనుండి 140 మందితో వచ్చిన ఎయిర్ కెనడా విమానము దిగుటకు సిద్ధపడుచుండెను. అచ్చట ప్రక్కప్రక్కగా రెండు రన్‌వేలు. ఎడమది పనులకై మూయబడి, దీపములు ఆర్పబడియుండెను; దాని మొదట వెలుగుచు మినుకుమను పెద్ద అడ్డగీట్ల గుర్తు పెట్టిరి. విమానము దిగవలసినది కుడి రన్‌వే. చోదకులు రెండు బాటలు వెలుగుచుండునని తలచిరి. వెలుగుచున్న కుడి రన్‌వేను ఎడమదిగా భ్రమించి, దానికి కుడివైపుననున్న టాక్సీవేను తమ రన్‌వే యనుకొనిరి. ఆ టాక్సీవేపై నాలుగు విమానములు, ఇంధనము నిండుగ పోసికొని, జనముతో నిండి, బయలుదేరుటకు వరుసగా నిలిచియుండెను.

మూసివేత సంగతి కాగితములో లేకపోలేదు. 27 పుటల ప్రయాణపత్రములో 8వ పుటలో నుండెను. విమానాశ్రయపు స్థితిగతులను తెలుపు ప్రకటనలోనుండెను. అయినను దిగువేళకు ఇద్దరి మనస్సులోను అది నిలువలేదు. కెప్టెను 19 గంటలకు పైగా మెలకువతోనుండెను. రేడియో మార్గదర్శకమును యంత్రమునకు కుదుర్పవలసిన పనిని ఫస్ట్ ఆఫీసరు చేయలేదు. దానిని రెండవవారు సరిచూడలేదు. టవరులో ఆకాశమును నేలను రెండింటిని ఒక్క కంట్రోలరే చూచుకొనుచుండెను. ఇన్ని తాళ్లు ఒకేసారి తెగినవి.

మిగిలిన తాడేది? మాట. తమ బాటపై దీపములు కనబడుచున్నవేమని కెప్టెనుకు అనుమానము పుట్టెను. ఆ అనుమానమును ఆయన మ్రింగుకొనలేదు. టవరును అడుగుమని ఫస్ట్ ఆఫీసరుతో చెప్పెను. బాట ఖాళీగా నున్నదని టవరు బదులిచ్చెను. టవరు చెప్పినది కుడి రన్‌వేను గూర్చి. చోదకులు చూచుచున్నది టాక్సీవేను! అంతలో నేలపై నిలిచియున్న విమానములోని చోదకుడొకడు ఇతడెక్కడికి వచ్చుచున్నాడని రేడియోలో కేకవైచెను. లోపల “మరల పైకి” అనుమాట పలుకబడెను. టవరు ఆజ్ఞ వచ్చుసరికే విమానము పైకి లేచుచుండెను. అప్పటికే అది నేలకు సుమారు 60 అడుగుల ఎత్తునకు దిగి, నిలిచిన విమానముల తోకలను తాకునంత దగ్గఱగా దాటిపోయినది. వేయిమందికి పైగా జనుల ప్రాణములు ఆ రాత్రి ఆ అడుగులపై వ్రేలాడినవి.

దీనినుండి మేము గ్రహించిన నీతి ఒక్కటే. 27 పుటల కాగితము ఆపలేని దానిని, అడిగిన ఒక ప్రశ్నయు, పలికిన ఒక మాటయు ఆపినవి. విచారణ జరిపినవారికి ఆ కాక్‌పిట్‌లోని సంభాషణ దొరకలేదు; విమానము తిరిగి ఎగిరినందున యంత్రములో పాత మాటలపై క్రొత్త మాటలు ముద్రపడిపోయినవి. ప్రాణములు నిలిపిన మాటలకు దక్కిన భద్రత ఇది!

మాట ఆలస్యమైనచో ఏమగునో మెక్సికో నగరము చెప్పినది. 1979 అక్టోబరు 31వ తేదీ తెల్లవాఱుజామున లాస్ ఏంజిలిస్‌నుండి వచ్చిన వెస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-10 విమానము పొగమంచులో దిగుచుండెను. ఎడమ రన్‌వే మరమ్మతుకై మూసియుండెను. కుడిదానిపై దిగుమని టవరు చెప్పెను. కాని మంచులో దారిచూపు ఏర్పాటు ఎడమ రన్‌వేకు సంబంధించినది. దానిని పట్టుకొని క్రిందికి వచ్చి, కుడి రన్‌వే కంటబడిన పిమ్మట ప్రక్కకు జరుగవలెనట! ఒక వీధికి దారిచూపి, మఱియొక వీధిలోని యింటికి పొమ్మనుట యిది; అదియును పొగమంచులో. దీపములు ఎడమ రన్‌వేకు ఉన్నవనియు, ఆ రన్‌వే మూయబడినదనియు టవరు పలికెను. ఆ పలుకు వచ్చుసరికి విమానము నేలకు మిక్కిలి సమీపమున నుండెను. చోదకులు తెలిసికొని పైకి లేపబోయిరి. మూసిన బాటపైనున్న మన్ను నింపిన లారీ తగిలెను. విమానములోని 72 మందియు, నేలపై నొకడును, మొత్తము 73 మంది మరణించిరి. మాట చెప్పబడలేదని యెవరనగలరు? చెప్పబడినది. వినబడినది. కాని ఆ మాట మనస్సునకెక్కి చేతులను కదలించుటకు కాలము మిగులలేదు. చివరి నిమిషములో చెప్పిన మాట, పడిపోయిన గోడమీద వ్రాసిన హెచ్చరిక వంటిది.

ఇరువదియొక సంవత్సరముల పిమ్మట, అదే అక్టోబరు 31వ తేదీన, 2000 సంవత్సరమున, తైపేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 విమానము తుపానుగాలిలో, రాత్రి వర్షములో బయలుదేరెను. అది దిగుట కాదు, ఎగురుట; అయినను రోగమొక్కటే. ఎగురవలసిన రన్‌వేను విడిచి, దాని ప్రక్కన పనులకై మూసియున్న రన్‌వేపైకి తిరిగి, వేగముగ పరుగెత్తి, నిర్మాణయంత్రములను ఢీకొనెను. 179 మందిలో 83 మంది మరణించిరి. ఆ చోదకులకు మూసివేత సంగతి తెలియును, నోటీసు చదివియుండిరి. కాని ఆకుపచ్చని దీపముల వరుస వారిని ఆ బాటపైకే నడిపించెను. బాట మొదట అడ్డుకంచె లేదు. ఇది మూసినదని కేకవేయు గుర్తు లేదు. టవరులోనివారికి వర్షములో విమానము కనబడలేదు. నేలపై విమానములను చూపు రాడారు ఆ విమానాశ్రయమున లేదు. విమానములోని యొక పరికరము సరిగా కుదురుకొనలేదని కాక్‌పిట్‌లో మాట వచ్చెను. బాట కనబడుచున్నది గదాయని దానిని విడిచిపెట్టిరి. తైవాన్ విచారణకర్తలు చోదకులు తమ బాటను సరిచూచుకొనలేదనిరి. సింగపూరువారు విమానాశ్రయపు ఏర్పాట్లలోని లోపములను ఎత్తిచూపిరి. వాదోపవాదములు సాగినవి. 83 చితులు మాత్రము వాదింపలేదు.

మన పల్లెటూళ్లలో ఈ విద్య యెవరును నేర్పకుండగనే తెలిసియుండెను. బావి త్రవ్వువాడు సాయంకాలము ఇంటికి పోవునప్పుడు చుట్టును ముళ్లకంప వేసి, ఒక లాంతరు వ్రేలాడదీసి పోవును. అట్లు చేయక, “త్రవ్వుచున్నామని కరణముగారి కచ్చేరీ గోడకు కాగితము అంటించితిమి, చదువక నడచినవాడు పడినచో మా బాధ్యత కాదు” అని యెవడైన ననిన, ఊరు ఊరుకొనునా? చెఱువుకట్ట తెగినప్పుడు తలారి డప్పు పుచ్చుకొని వీధివీధికి పోయి, నిలిచి, అఱచి, మాల మాదిగపల్లెలతో సహా ప్రతి వాడకును వినిపించి మరి వచ్చెడివాడు. చాటింపునకు అర్థమది. చెవిదాకా పోయి తట్టునదే చాటింపు. గోడమీద కూర్చుండునది కాదు. బావికి కంపయు, కట్టకు డప్పును విధించిన బుద్ధి, వందలకొలది ప్రాణములు దిగు బాటకు విధింపలేకపోవుట యేమి నాగరికత?

మూసిన రన్‌వేపై అడ్డగీట్ల గుర్తు వేయవలెనని అంతర్జాతీయ నియమములు చెప్పుచునే యున్నవి. ఆ గుర్తు పగలు నేలపై నడచువానికి కనబడినచో చాలునా? గంటకు 250 కిలోమీటర్ల వేగముతో, వర్షములో, రాత్రివేళ, ఏటవాలుగ వచ్చువానికి కనబడినప్పుడే అది గుర్తు. కంటికి మూసిన బాట మూసినట్లు కనబడవలెను. చెవికి మూసినట్లు వినబడవలెను. కాగితముమీద మాత్రము మూసిన బాట తెఱచియున్న బాటయే.

ఇంతవఱకు బయటి నోళ్లను గూర్చి వ్రాసితిమి. ఇక లోపలి నోళ్లు. కాక్‌పిట్‌లో ఇద్దరు కూర్చుందురు. ఒకడు పెద్ద, ఒకడు చిన్న. ఇద్దరేల? ఒకడు పొరబడినప్పుడు రెండవవాడు చెప్పుటకు. ఆ రెండవవాడు నోరు మూసికొన్నచో, లేక నోరు తెఱచినను మొదటివాడు చెవి మూసికొన్నచో, ఆ విమానములో ఉన్నది ఒక్క చోదకుడే, రెండవది అలంకారము.

1977 మార్చి 27వ తేదీన టెనెరిఫ్ దీవిలో రెండు 747 విమానములు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. ముందటి విమానము బాటనుండి తొలగినదా యని పరుగెత్తుచున్న విమానములోని ఫ్లయిట్ ఇంజనీరు సందేహమును వెలిబుచ్చెను. అనుభవజ్ఞుడైన కెప్టెను ఆ సందేహమును త్రోసిపుచ్చెను. అట్టి దుర్ఘటనల నుండియే 1979లో అమెరికాలో నాసావారి సదస్సున కాక్‌పిట్ సంభాషణను గూర్చిన క్రొత్త శాస్త్రము రూపొందెను. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌వారు దానిని పాఠముగ తమ చోదకులకు నేర్పసాగిరి. చిన్నవాడు చెప్పవలెను, పెద్దవాడు వినవలెను అనునది దాని సారాంశము.

ఈ పాఠము ప్రపంచమంతట పుస్తకములకెక్కి మూడు దశాబ్దములు కావచ్చినప్పుడు, మన మంగళూరులో ఏమి జరిగినది? 2010 మే 22వ తేదీన దుబాయినుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించిరి, ఎనమండుగురు బ్రతికిరి. ఆ బాట మూసినది కాదు, తెఱచినదే. అయినను మా వాదమునకు ఆ సంగతి ప్రాణము వంటిది. దిగవద్దు, మరల పైకి పొమ్మని ఫస్ట్ ఆఫీసరు మూడుసార్లు చెప్పెను. యంత్రములును హెచ్చరించినవి. కెప్టెను దిగెను. మూడుసార్లు పలికిన సత్యమునకు ఒక్క చెవి దొరకలేదు.

ఇది ఒక్క కాక్‌పిట్ రోగము కాదు. మన యిండ్లలో, కచ్చేరీలలో, బడులలో పెరిగిన రోగము. పెద్దలయెడ వినయము మన సంప్రదాయమే. కాని పెద్దలు పొరబడుచున్నప్పుడు మౌనముగ నుండుట వినయమని యే శాస్త్రము చెప్పినది? రావణుని కొలువున విభీషణుడు నోరు తెఱచెను. మిగిలినవారు తల లూపిరి. లంకను కాల్చినది హనుమంతుని తోక మాత్రమే కాదు, తల లూపినవారి మౌనమును. నిర్మాణము జరుగుచున్న విమానాశ్రయమున నేడు బాట నిన్నటివలె నుండదు. దీపములు మారును, దారులు మారును, గుర్తులు మారును. పెద్దవాని అనుభవమే అచ్చట మోసగించును. ఏలయన అతడు చూచునది తాను వందసార్లు చూచిన పాత చిత్రమును. అట్టిచోట చిన్నవాని క్రొత్త కన్ను వేయి కన్నులకు సమానము. ఆ కన్ను చూచినదానిని నోరు చెప్పలేకపోవుట దేశమునకు నష్టము.

మా మాటకు రెండు ఆక్షేపణలు రాగలవు. “చోదకులు లక్షల జీతములు తీసికొను నిపుణులు, చదువుట వారి విధి కాదా?” అని మొదటిది. విధియే. చదువక పొరబడినవానిని మేము సమర్థించుట లేదు. కాని ఒకే విధముగ ఒక దేశములో ఒకడు, వేఱొక దేశములో వేఱొకడు, భిన్నభాషలు పలుకువారు, భిన్నసంస్థలలో శిక్షణ పొందినవారు, నలువది యేండ్లుగా పొరబడుచుండగా, దోషము మనుష్యులలో వెదకుట చాలించి పద్ధతిలో వెదకవలెనని బుద్ధిమంతులకు తోచవలదా? ఒకే గుంటలో పదుగురు పడినప్పుడు పదుగురి కాళ్లను శిక్షించువాడు గుంటను ఎన్నడును పూడ్చడు. చోదకుని తప్పించుట సులభము. ఒక్క సంతకముతో నగును. గుంట పూడ్చుటకు ధనము కావలెను, శ్రమ కావలెను, బాధ్యత నొప్పుకొనవలెను. అందుచేతనే సులభమైన దానిని చేసి న్యాయము జరిగినదందురు.

“అన్నియు నోటితో చెప్పుచు కూర్చున్నచో రేడియోలో రొద పెరిగి అసలు మాట వినబడదు” అని రెండవది. నిజము. అందుకే అన్నియు చెప్పుమని మేము కోరుట లేదు. గడ్డికోత సంగతి చెప్పనక్కఱలేదు. మూసిన రన్‌వే సంగతి చెప్పుడు. వందమాటలలో ఏది ప్రాణముమాటయో ఏర్పఱచుటయే అధికారి పని. ఆ పని చేయక అన్నింటిని గంపగుత్తగ చోదకుని నెత్తిన కుమ్మరించి, ఏర్పఱచుకొనుట నీ పని యనుటయే రొద.

మన దేశమున నేడు విమానాశ్రయములు పెరుగుచున్నవి, పాతవి విస్తరింపబడుచున్నవి, రన్‌వేలు మరమ్మతు చేయబడుచున్నవి. మంచిదే, సంతోషింపదగినదే. విశాఖపట్టణమున నౌకాదళమువారి రన్‌వే మరమ్మతుకై 2023 నవంబరునుండి కొన్ని నెలలు రాత్రి విమానములను నిలిపివైచిరి. ప్రయాణికులు విసుగుకొనిరి, వర్తకులు నష్టమనిరి. కాని పనిచేయువేళ విమానము రాకుండుటయు, విమానము వచ్చువేళ పనివాడు లేకుండుటయు ఎంత శుద్ధమైన పద్ధతియో పాఠకులు గమనింతురు గాక. అచ్చట చదివి జ్ఞాపకముంచుకొనవలసిన భారము ఎవరి తలపైనను లేదు. ప్రతిచోట నట్లు చేయుట సాధ్యముకాదని మేమెఱుగుదుము. ప్రక్కప్రక్కన రెండు రన్‌వేలున్నచోట ఒకటి మూసి రెండవది నడుపక తప్పదు. తప్పనిచో, ఆ పద్ధతికి తగిన జాగ్రత్తయు తప్పరాదు. సగము మూసి పూర్తి లాభము గడింపగోరువారు పూర్తి జాగ్రత్తకు వెచ్చింపవలెను.

కావున మేము కోరునది స్పష్టముగ చెప్పెదము. రన్‌వే మూయబడిన విమానాశ్రయమునకు వచ్చు ప్రతి విమానమునకును, దిగుటకు చాలముందుగ, చోదకుని చేతులు పనులతో నిండకముందే, ఏ రన్‌వే మూసియున్నదో కంట్రోలరు నోట చెప్పవలెను. చోదకుడు ఆ మాటను తిరిగి పలుకవలెను. తిరిగి పలుకనంతవఱకు చెప్పినట్లు కాదు. మూసిన బాటకు దీపములుండరాదు. దాని రేడియో మార్గదర్శకము పిలువరాదు. దాని మొదట వెలుగు గుర్తుండవలెను. నేలపైనుండి ప్రవేశించు దారులకు కంచె యుండవలెను. నోటీసులో ప్రాణముమాట మొదటి పుటలో, మొదటి పంక్తిలో, మనుష్యులు చదువు భాషలో నుండవలెను. కాక్‌పిట్‌లో ఇద్దరును క్రిందికి దిగ నారంభింపకముందే, నేడు ఏది మూసినది, ఏది తెఱచినది, కంటికి ఏమేమి కనబడవలెను అని ఒకరికొకరు నోట చెప్పుకొనవలెను. “మరల పైకి” అని ఇద్దరిలో నెవరు పలికినను, ఎదురుప్రశ్న లేక, ఆ క్షణమే విమానము పైకి పోవలెను. వాదము పైన జరుపుకొనవచ్చును, ఆకాశము విశాలము. పైకి పోయినందుకు కాలిన ఇంధనమును లెక్కవేసి సంజాయిషీ అడుగు యజమానుడు చోదకుల నోటికి తానే తాళము వేయుచున్నాడని తెలిసికొనవలెను.

ప్రయాణికులగు ప్రజలకును ఒక మాట. టిక్కెట్టు చవుకయైనదా, విమానము సమయమునకు వచ్చినదా అని మాత్రమే అడుగుట చాలించుడు. దిగబోయిన విమానము తటాలున పైకి లేచినప్పుడు చోదకుని నిందింపకుడు. ఆ క్షణమున ఎవరో ఒకరు అనుమానమును మ్రింగుకొనక పలికియుందురు. ఎవరో ఒకరు వినియుందురు. మీరు ఇల్లు చేరుట ఆ రెంటి ఫలము.

స్వరాజ్యమన పాలకుల రంగు మారుట మాత్రమే కాదని ఈ దేశమున పెద్దలు చెప్పుచు వచ్చిరి. ప్రజకు చెప్పవలసినది ప్రజకు అర్థమగునట్లు చెప్పుట, క్రిందివాని మాటను పైవాడు వినుట — స్వరాజ్యము ఈ రెంటిలోనే యున్నది. అవి రన్‌వేపై లేకపోయిన కచ్చేరీలోను ఉండవు. మాలేలో మనవారి విమానము చక్రముల గాలితో సరిపెట్టుకొనెను. ఆ అదృష్టమును నిధిగ భద్రపఱచుకొని కూర్చుండుట మూర్ఖత. అది అప్పు, తీర్చవలసిన అప్పు. నోటీసు ఇచ్చితిమనువారు ఇకనైన నోరు తెఱచి చెప్పుట నేర్తురు గాక.